ఆఫీసుకు నెట్‌వర్క్ కేబులింగ్ వేయించడం ఎలా?

నెట్‌వర్క్ స్విచ్చులు (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలు), రూటర్లు కొన్నేళ్లకోసారి మారిపోతూనే ఉంటాయి. గోడల్లోకి వెళ్లిన కేబుల్‌ను మార్చాలంటే మాత్రం సీలింగ్ విప్పాలి, పని ఆపాలి. కాబట్టి ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే పరికరాల దగ్గర తగ్గించుకోండి, కేబుల్ దగ్గర వద్దు.

1. పాయింట్లు లెక్కవేయండి

ఫ్లోర్ ప్లాన్ ప్రింట్ తీసి, ప్రతి సీటుకూ రెండేసి పాయింట్లు (కేబుల్ వచ్చి చేరే చోట్లు) గుర్తు పెట్టండి. ప్రింటర్లు, మీటింగ్ రూములు ఎటూ గుర్తొస్తాయి. చాలామంది మరిచిపోయేది పైకప్పును: వైఫై యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు అక్కడే ఉంటాయి.

2. ర్యాక్ ఎక్కడో తేల్చండి

కేబుళ్లన్నీ వచ్చి చేరే, స్విచ్చులుండే అల్మారానే ర్యాక్. అందులోని ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లను దించే జాకుల పలక) నుంచి గోడ మీది జాక్ (సాకెట్) వరకు కేబుల్ 90 మీటర్లు దాటకూడదు. రెండు చివర్లా పరికరాలకు తగిలించే ప్యాచ్ కార్డులకు (చిన్న కేబుళ్లకు) కలిపి మరో 10. మొత్తం 100. దీన్ని ప్లాన్ మీద స్కేలు పెట్టి కొలిస్తే మోసపోతారు. కేబుల్ గోడ ఎక్కి, కారిడార్ చుట్టి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆ దారంతా కొలవాలి. దూరం సరిపోకపోతే ఇంకో ర్యాక్ పెట్టి, రెండింటి మధ్య ఫైబర్ వేయండి. ర్యాక్ గదికి ఏసీ, తాళం, ఎర్తింగ్ ఉండాలి. పైన నీళ్ల పైపులు ఉండకూడదు.

3. కేబుల్ ఎంచుకోండి

క్యాట్ 6 (కేటగిరీ 6) కేబుల్ సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని 100 మీటర్ల వరకు మోస్తుంది. 10 గిగాబిట్‌కైతే మహా అయితే 55 మీటర్లే. పూర్తి దూరానికి 10 గిగాబిట్ కావాలంటే క్యాట్ 6ఏ తీసుకోండి. అది లావుగా ఉంటుంది కనుక పైపులు, ట్రేలు కూడా పెద్దవి కావాలి.

బాక్సు రాగానే ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. వెనక్కి పంపేయండి. కేబుల్ మీదుగా కరెంటు కూడా తీసుకునే కెమెరాలు, యాక్సెస్ పాయింట్లకు అలాంటిది పెడితే వేడెక్కుతుంది.

4. లాగండి

లాగకముందే రెండు చివర్లా ఒకే నంబరు రాయండి. కరెంటు వైర్లకు దూరంగా నడపండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి నాలుగు రెట్ల కంటే తగ్గకూడదు. కట్టలకు ప్లాస్టిక్ టైలు బిగించకండి, వెల్క్రో చాలు. ఫాల్స్ సీలింగ్ పలకల మీద పడేయడం కాదు, ట్రే ఉండాలి.

5. జాకులు బిగించండి

టీ568ఏ, టీ568బీ రంగుల వరసల్లో ఏదైనా ఫర్వాలేదు, బిల్డింగంతా ఒకటే ఉండాలి. కేబుల్‌లోని ఎనిమిది తీగలు రెండేసి మెలిపెట్టిన జతలుగా ఉంటాయి. ఆ మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి. గోడలోంచి వచ్చిన కేబుల్‌ను నేరుగా స్విచ్‌లో గుచ్చకుండా ప్యాచ్ ప్యానెల్‌లోనే దించండి.

6. సీలింగ్ మూయకముందే పరీక్షించండి

లైట్లు వరసగా వెలిగే చిన్న టెస్టర్‌ను చూసి ఓకే అనేయకండి. జాక్‌లో 3, 6 పిన్నులకు వెళ్లే తీగలు ఒకే జతవి కావాలి. పనివాడు రెండు చివర్లా 3, 4లను ఒక జతగా, 5, 6లను ఇంకో జతగా బిగించాడనుకోండి. ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి, నెట్‌వర్క్ మాత్రం మొరాయిస్తుంది. జతలు చీలిపోయి ఒక దాని సిగ్నల్ మరో దాంట్లోకి దూరడమే కారణం. దీన్ని పట్టుకోవాలంటే క్రాస్‌టాక్ (ఇలా సిగ్నల్ పక్క జతలోకి దూరడం), రిటర్న్ లాస్ (సిగ్నల్ కొంత వెనక్కి తిరిగి రావడం) కొలిచే సర్టిఫికేషన్ టెస్టర్ కావాలి. అది అద్దెకు కూడా దొరుకుతుంది.

ప్రతి పాయింట్‌కూ విడిగా రిపోర్టు, నంబర్లు వేసిన తాజా డ్రాయింగు చేతికొచ్చాకే చివరి బిల్లు చెల్లిస్తామని వర్క్ ఆర్డర్‌లోనే రాసిపెట్టండి.