రెడింగ్‌లో దిగారా? ముందు పేర్లను నమ్మడం మానండి

మొదటి పాఠం ఇంగ్లండ్‌లోని ఈ ఊరి పేరే. రాయడం చదువుకునే ‘రీడింగ్’లాగే, పలకడం మాత్రం ‘రెడింగ్’. హీత్రోలో బస్సు టికెట్ అడిగిన రోజే నా పరువు పోయింది. నేను రాజమండ్రి పిల్లని. ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. ఏటా సెప్టెంబరులో కొత్తగా వచ్చినవాళ్ళు ఇల్లు, పన్ను, ఓటు, ఊళ్ళో చూడాల్సినవి అంటూ అవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకని ఒకసారి రాసి పెడుతున్నా.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే ఆ ఇల్లు ఏ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) కిందికి వస్తుందో చూసుకోండి. మా మొదటి ఇల్లు లోయర్ ఎర్లీలో. అడ్రసులో రెడింగ్ అనే ఉంది, ఇల్లు చూపించిన ఏజెంటు కూడా రెడింగ్ కౌన్సిలే అన్నాడు. చెత్త ఏ రోజు తీసుకెళ్తారో కనుక్కుందామని ఫోన్ చేస్తే, పావుగంట పాట విన్నాక ఒకావిడ దొరికి, పోస్ట్‌కోడ్ అడిగి, మీ ఇల్లు మా పరిధిలో లేదు, పక్క కౌన్సిల్ వోకింగమ్ వాళ్ళని అడగండి అంది. అప్పటికి రెండు వారాల చెత్త పెరట్లో ఉంది.

ఎర్లీ, వుడ్లీ వోకింగమ్ కౌన్సిల్ కిందివి. పడమటి వైపు కాల్కాట్, పర్లీ వెస్ట్ బర్క్‌షైర్‌వి. యూనివర్సిటీ వైట్‌నైట్స్ క్యాంపస్ మధ్య నుంచే హద్దు పోతుంది. మనవాళ్ళు ‘రెడింగ్‌లో మైక్రోసాఫ్ట్’ అని చెప్పుకునే థేమ్స్ వ్యాలీ పార్క్ కూడా లెక్క ప్రకారం వోకింగమ్‌దే. ప్రభుత్వం వాళ్ళ గవ్.యూకే సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే కౌన్సిల్ పేరు వస్తుంది. బడి సీటు, బిన్, పార్కింగ్ పర్మిట్ అన్నీ దాన్ని బట్టే.

రెడింగ్ కౌన్సిల్ పైన ఇంకో కౌన్సిల్ లేదు. 1998లో బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌ని ఎత్తేశాక బళ్ళు, రోడ్లు, లైబ్రరీలు, చెత్త అన్నీ రెడింగ్ కౌన్సిల్ చేతికే వచ్చాయి. ఊళ్ళో తిరిగే రెడింగ్ బసెస్ కూడా దాని సొంతమే. 16 వార్డులు, 48 మంది కౌన్సిలర్లు. ఒకేసారి అందరికీ ఎన్నికలు పెట్టరు, విడతకి మూడో వంతు మందికే. మేయర్ మెడలో గొలుసుతో కనిపిస్తారు గానీ పెత్తనం కౌన్సిల్ లీడర్‌ది. పనుండి టౌన్ హాల్‌కి వెళ్ళారంటే అక్కడ మ్యూజియం ఉంటుంది, కౌన్సిల్ ఆఫీసులు బ్రిడ్జ్ స్ట్రీట్‌లో. ఎలాగూ వెళ్ళారు కాబట్టి ఒకప్పటి ఈ ఊరి బిస్కెట్ ఫ్యాక్టరీ పాత డబ్బాలు చూసి రండి, టికెట్ లేదు.

కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటి మీద కౌన్సిల్‌కి కట్టే పన్ను, ఓనరు కడతాడనుకోకండి, అద్దెకున్న మనమే కట్టాలి. ఇల్లు 1991లో ఎంత చేసేదన్న లెక్క మీద ఏ నుంచి హెచ్ దాకా బ్యాండ్లు వేశారు, పన్ను ఎంతన్నది దాన్ని బట్టే. అందుకే ఇల్లు చూసేటప్పుడే బ్యాండ్ అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు. ఫుల్‌టైమ్ స్టూడెంట్లని లెక్కలోకి తీసుకోరు. అంటే భార్య చదువుతూ భర్త ఉద్యోగం చేస్తుంటే కూడా ఆ 25 శాతం వస్తుంది. అప్లై చేయకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఓటు సంగతి చెబితే సగం మంది నమ్మరు. ఇండియా కామన్‌వెల్త్ దేశం కనక, వీసా మీదున్న మనకి కూడా ఇక్కడ ఓటుంది. పేరు నమోదు చేసుకుని, పోలింగ్ రోజు మన ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు.

ఇక ఒక శనివారం పొద్దున ఊరు చూడ్డానికి బయల్దేరండి. రెడింగ్‌ని థేమ్స్ ఒడ్డు ఊరంటారు. కానీ ఊరికి అన్నం పెట్టింది థేమ్స్‌లో కలిసే చిన్న ఏరు కెన్నెట్. గోదావరి చూసిన కళ్ళకి అది పంటకాలువ. ఒరాకిల్ షాపింగ్ సెంటర్ దగ్గర మొదలుపెట్టండి. అది సాఫ్ట్‌వేర్ కంపెనీదని నేను ఏడాదిపాటు అనుకున్నా. జాన్ కెండ్రిక్ అనే బట్టల వ్యాపారి 1624లో చనిపోతూ రాసిచ్చిన డబ్బుతో, పేదలకి పని కల్పించడానికి కట్టిన భవనం పేరది. తర్వాత ఆ చుట్టుపక్కలే సిమండ్స్ బీరు తయారయ్యేది. అక్కడ ఏరు ఎంత ఇరుకంటే పడవలకి ట్రాఫిక్ లైటు పెట్టారు. పడవ నడిపేవాళ్ళు గట్టున బటన్ నొక్కి, పచ్చ లైటు కోసం ఆగుతారు. మా అబ్బాయి ఒక పడవ వచ్చేదాకా నలభై నిమిషాలు నన్ను కదలనివ్వలేదు.

గట్టు వెంటే తూర్పుకి నడిస్తే పాత క్రైస్తవ మఠం శిథిలాలు వస్తాయి. మొదటి హెన్రీ రాజు 1121లో కట్టించాడు, ఆయన్ని పాతిపెట్టింది కూడా ఇక్కడే. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించి, పెద్ద గురువుని ఉరి తీయించాడు. ఆ తర్వాత గోడల మీది చెక్కిన రాళ్ళన్నీ పీక్కుపోయారు. మిగిలింది లోపలి చెకుముకి రాళ్ళు, సున్నం. దగ్గరికెళ్ళి చూస్తే అచ్చం వేరుశెనగ చిక్కీ. పక్కనే రచయిత ఆస్కార్ వైల్డ్ ఖైదీగా ఉన్న జైలు, 2013లో మూసేశారు.

ఇంకా ముందుకెళ్తే హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ ఫ్యాక్టరీ ఉన్న చోటు. ఒకప్పుడు 5,000 మందికి పైగా పనిచేసేవాళ్ళు, ఊరి ఫుట్‌బాల్ టీమ్‌ని కూడా ‘బిస్కెట్‌మెన్’ అనేవాళ్ళు. ఇక్కడ తయారీ 1976లో ఆగిపోయింది. మిగిలిన పాత కట్టడంలో ఇప్పుడు ఫ్లాట్లు.

అక్కణ్ణించి బ్లేక్స్ లాక్ (పడవల్ని ఎక్కించి దించే నీటి గేట్లు) దాటితే కెన్నెట్ థేమ్స్‌లో కలిసే చోటు వస్తుంది, పైన రైలు వంతెన. చలికాలం వానలకి ఆ దారి మీదికి నీళ్ళొస్తాయి. తెల్ల షూ వేసుకుని వెళ్ళకండి.