హార్డ్ మనీ లోన్ తీసుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

అమెరికాలో పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్ముదామనుకునే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది వడ్డీ ఎంతని. నేనైతే అప్పు దేంతో తీరుస్తారని అడుగుతాను. హార్డ్ మనీ లోన్ అంటే ఇంటిని తాకట్టు పెట్టుకుని ప్రైవేటు లెండర్లు ఇచ్చే స్వల్పకాలిక అప్పు. దాని గడువు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర. నెలనెలా వడ్డీ మాత్రమే కడతారు, అసలంతా చివర్లో ఒకేసారి కట్టాలి. పైకప్పు కారుతూ, కిచెన్ ఊడిపోయి ఉన్న ఇంటికి బ్యాంకు మామూలు లోన్ ఇవ్వడం కష్టం. హార్డ్ మనీ లెండర్లు మీ జీతం కంటే ఆ ఇంటి విలువ ఎక్కువగా చూస్తారు, డబ్బు త్వరగా ఇస్తారు. అందుకే వడ్డీ కూడా ఎక్కువ.

ఒక ఉదాహరణ చూడండి. రిపేర్లయ్యాక ఇల్లు 3,00,000 డాలర్లు పలుకుతుందనుకుందాం. కొనుగోలు, రిపేర్లు కలిపి అందులో 70 శాతం దాటకూడదని లెక్కేసుకుంటే, అది 2,10,000. రిపేర్లకు 50,000 తీసేస్తే, ఇంటికి 1,60,000 మించి పెట్టకూడదు. లెండర్ కొనుగోలులో 90 శాతం, రిపేర్ల ఖర్చు మొత్తం ఇస్తే అప్పు 1,94,000. లెండర్ ఫీజు రెండు పాయింట్లయితే, అంటే అప్పులో రెండు శాతమైతే, 3,880 క్లోజింగ్‌లోనే, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజే పోతాయి. 12 శాతం వడ్డీకి నెలకు 1,940. ఆ వడ్డీ మొత్తం అప్పు మీదా, అప్పటిదాకా తీసుకున్న సొమ్ము మీదేనా అన్నది ముందే అడగండి. రెండో పద్ధతిలో మొదటి నెల 1,440తో సరిపోతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది రిపేర్ల డబ్బు దగ్గర. ఆ 50,000 మీ చేతికి ఒకేసారి రాదు. పని కొంత పూర్తయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు, ఆ మేరకే డ్రా, అంటే ఆ విడత సొమ్ము విడుదలవుతుంది. కాంట్రాక్టర్ మాత్రం అడ్వాన్స్ ఇస్తేగానీ పని మొదలుపెట్టడు. కాబట్టి డౌన్ పేమెంట్ కాకుండా, మొదటి దశ పనికీ కొన్ని నెలల వడ్డీకీ సరిపడా నగదు విడిగా ఉంచుకోండి. అది లేకపోతే పని ఆగుతుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, చివరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాగితాల్లో గడువు పొడిగింపు ఫీజు, ముందే తీర్చేస్తే కట్టాల్సిన కనీస వడ్డీ, పర్సనల్ గ్యారంటీ చదవండి. ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరున తీసుకున్నా, గ్యారంటీ మీద సంతకం పెడితే బాధ్యత మీదే. మీరు కాపురం ఉండబోయే ఇంటికి ఈ లోన్ వద్దు. ఇది వ్యాపార అవసరానికేనని సంతకం కూడా చేయించుకుంటారు.

అమ్మకుండా అద్దెకిచ్చి రీఫైనాన్స్ చేద్దామనుకుంటే, అంటే కొత్త లోన్‌తో ఈ అప్పు తీర్చేద్దామనుకుంటే, కొనకముందే ఆ కొత్త లెండర్‌తోనూ మాట్లాడండి. కొన్నాక ఎన్ని నెలలు ఆగాలో, విలువలో ఎంత శాతం ఇస్తారో కనుక్కోండి. 75 శాతం ఇస్తే, అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) 3,00,000 అయినప్పుడు 2,25,000 వస్తుంది, అప్పు తీరుతుంది. అప్రైజల్ 2,50,000 దగ్గర ఆగితే వచ్చేది 1,87,500. అంటే 6,500 డాలర్లు, క్లోజింగ్ ఖర్చులు మీ జేబులోంచి పెట్టాలి. ఆ రెండో లెక్కకూ తట్టుకోగలిగితేనే ఆఫర్ పెట్టండి.