పాత చిన్న విమానంలో గైరోలు మొరాయిస్తే ముందు గాలి సంగతి చూడండి

హారిజన్ (విమానం వంపు చూపే పరికరం) ఒరిగిపోతోందనో, డైరెక్షనల్ గైరో (దిశ చూపేది) జారిపోతోందనో పరికరం విప్పి ఓవర్‌హాల్‌కి (పూర్తి మరమ్మతుకి) పంపేయకండి. పాత తేలికపాటి విమానాల్లో చాలావరకు ఈ గైరోలను, అంటే పరికరాల లోపల వేగంగా తిరిగే చక్రాలను, తిప్పేది కరెంటు కాదు, గాలి. పంపో, వెంచురీనో (ఎదురుగాలితో పనిచేసే, నడుమ సన్నబడిన గొట్టం) పరికరంలోంచి గాలి లాగుతుంది. ఆ ఖాళీలోకి దూసుకొచ్చే గాలి చక్రాన్ని నిమిషానికి వేల చుట్లు తిప్పుతుంది. రెండు పరికరాలూ కలిసి తేడాగా ఉంటే అనుమానం గాలి మీదే పెట్టండి.

నేల మీద కదలవు, ఎగిరిన కాసేపటికి సర్దుకుంటాయి: బయట వెంచురి గొట్టం ఉన్న విమానంలో ఇది లోపం కాదు, దాని తీరే అంత. వేగం అందాకే సక్షన్ (గాలి లాగే బలం) పుడుతుంది. టర్న్ అండ్ బ్యాంక్‌కి (మలుపు చూపే పరికరం) 2 అంగుళాల పాదరసం (సక్షన్‌కి కొలత) చాలు, హారిజన్‌కి దాదాపు రెట్టింపు కావాలి. క్రూయిజ్‌లో కూడా అందకపోతే టార్చ్ వేసి గొట్టం గొంతులోకి చూడండి, కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండొచ్చు. తర్వాత బిరుసెక్కి పగిలిన రబ్బరు హోసులు చూడండి. తేమ, చలి కలిసిన మబ్బులో అదే గొంతులో మంచు కడుతుంది. అందుకే వెంచురిని నమ్ముకుని మబ్బులోకి వెళ్లకూడదు.

సక్షన్ గేజ్ ఉన్నట్టుండి ఎక్కువ చూపిస్తోంది: పంపున్న విమానాల్లో మామూలుగా 4.5 నుంచి 5.5 అంగుళాలు ఉండాలి (మీ మాన్యువల్ అంకెదే తుది మాట). ఎక్కువైందని రెగ్యులేటర్ (సక్షన్‌ని అదుపులో ఉంచే కవాటం) స్క్రూ తిప్పేయడం నాకు అస్సలు నచ్చని పని. దాని చిన్న ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. మార్చి, మళ్లీ రీడింగ్ చూశాకే స్క్రూ జోలికి వెళ్లండి.

గేజ్ బాగానే ఉంది, గైరోలు మందకొడిగా ఉన్నాయి: గైరోల్లోకి వెళ్లే గాలిని వడకట్టే ప్రధాన ఫిల్టర్ మార్చండి. చాలా గేజ్‌లు క్యాబిన్ గాలితో పోల్చి చూపిస్తాయి కాబట్టి ఫిల్టర్ మూసుకుపోయిన సంగతి బయటపడదు. కాక్‌పిట్‌లో సిగరెట్ తాగిన రోజుల్లో ఆ తారే ఫిల్టర్‌ని మూసేసేది.

గేజ్ ఒక్కసారిగా సున్నా: డ్రై పంప్‌లో (నూనె లేకుండా నడిచేది) కార్బన్ రెక్కలు పగిలాయి, లేదా దాన్ని ఇంజిన్‌తో కలిపే కప్లింగ్ తెగింది. నూనెతో నడిచే వెట్ పంప్ సాధారణంగా ఇలా చెప్పాపెట్టకుండా పోదు. కొత్త పంప్ పెట్టేముందు హోసుల్లో మిగిలిన కార్బన్ ముక్కలు పూర్తిగా తీయించండి, లేకపోతే అవే దాన్నీ తినేస్తాయి. సీల్ నుంచి ఆయిల్ కారుతోందా, ఇంజిన్ కడిగినప్పుడు సాల్వెంట్ లోపలికి వెళ్లిందా అన్నదీ మెకానిక్‌తో తేల్చుకోండి.

ఒక్క పరికరమే తేడాగా ఉంది: ఇంజిన్ ఆపి చెవి పెట్టి వినండి. ఆరోగ్యంగా ఉన్న గైరో సన్నగా పాడుతూ చాలాసేపు తిరుగుతుంది. గరగరలాడి త్వరగా ఆగితే బేరింగ్ పోయింది. డైరెక్షనల్ గైరో 15 నిమిషాల్లో 3 డిగ్రీల దాకా జారడం మామూలే. ఓవర్‌హాల్‌కి పంపాల్సి వస్తే, చక్రం పూర్తిగా ఆగేదాకా పరికరాన్ని కదపొద్దు.