క్లీన్ చేసినా మాల్వేర్ మళ్లీ వస్తోందా? వర్డ్‌ప్రెస్ సైట్లకు సమస్య - పరిష్కారం

సైట్‌లో మాల్వేర్ (దొంగ కోడ్) చేరి హ్యాక్ అయిందని తెలియగానే చాలామంది కంగారులో కంటికి కనిపించిన చెత్త ఫైల్ ఒక్కటి తీసేసి హమ్మయ్య అనుకుంటారు. రెండ్రోజులకు అదే చెత్త మళ్లీ వస్తుంది. అది ఏ దారిన వచ్చిందో పట్టుకోకపోతే ఎన్నిసార్లు తుడిచినా అంతే.

ఏదీ డిలీట్ చేయకముందే ఫైళ్లు, డేటాబేస్ రెండూ ఉన్నవి ఉన్నట్టు మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. తెలుగు సైట్ అయితే డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే ఎన్‌కోడింగ్) లో ఉందో లేదో చూసుకోండి, లేదంటే రీస్టోర్ చేశాక మీ వ్యాసాల నిండా ప్రశ్నార్థకాలే మిగలొచ్చు.

సమస్య: నాకు సైట్ బాగానే తెరుచుకుంటోంది, పాఠకులకు మాత్రం బెట్టింగ్ పేజీ వస్తోంది

కారణం: దొంగ కోడ్ మనిషిని చూసి నడుచుకుంటుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నవాళ్లకు ఏమీ చూపించదు, గూగుల్ నుంచి ఫోన్‌లో వచ్చినవాళ్లను మాత్రం దారి మళ్లిస్తుంది. అందుకే "మా దగ్గర బాగానే ఉందే" అని పాఠకుడితో వాదించకండి.

పరిష్కారం: వైఫై తీసేసి, ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి, గూగుల్‌లో వెతికి లోపలికి వెళ్లి చూడండి. తర్వాత హెచ్‌టీయాక్సెస్ (సర్వర్ సెట్టింగ్‌ల ఫైల్), ఇండెక్స్, డబ్ల్యూపీ-కాన్ఫిగ్, థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైళ్లు తెరవండి. మొదటి లైన్ మామూలుగానే కనిపిస్తుంది కానీ దాని పక్కన వందల స్పేస్‌లు కొట్టి అసలు కోడ్‌ను స్క్రీన్ కుడివైపు అవతలికి నెట్టేస్తారు, ఎడిటర్‌లో వర్డ్ ర్యాప్ ఆన్ చేస్తే అదంతా బయటపడుతుంది. ఈవాల్ (రాతను కోడ్‌గా నడిపేది), బేస్64 డీకోడ్ (మారువేషంలో దాచిన రాతను విప్పేది) పక్కపక్కనే కనిపిస్తే గట్టిగా అనుమానించండి. డేటాబేస్‌లో ఆప్షన్స్ టేబుల్‌లో సైట్ యూఆర్ఎల్ మారిందేమో కూడా చూడాలి.

సమస్య: గూగుల్‌లో మా సైట్ పేరు కింద జపనీస్ అక్షరాలు కనిపిస్తున్నాయి

మీ డొమైన్ మీద నకిలీ సరుకు అమ్మే పేజీలు వేలల్లో పుట్టించారన్నమాట. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) యూజర్ల జాబితా చూడండి, తెలియని ఓనర్ ఉంటే ముందు సైట్ తనదేనని నిరూపించుకోవడానికి అతను పెట్టిన వెరిఫికేషన్ ఫైల్ తీసేసి తర్వాత అతన్ని తీసేయండి. సైట్‌మ్యాప్‌లూ (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితాలు) చూడండి. సైట్ శుభ్రమయ్యాక ఆ పేజీలు 404 (పేజీ లేదు అనే జవాబు) ఇస్తే గూగుల్ నుంచి మెల్లగా పోతాయి.

సమస్య: అంతా తీసేశాను, మళ్లీ వచ్చింది

అసలు కష్టం ఇక్కడే. దొడ్డిదారి ఎక్కడో మిగిలే ఉంది. నేనైతే ముందు అప్‌లోడ్స్ ఫోల్డర్ చూస్తాను, ఫొటోలు ఉండాల్సిన చోట పీహెచ్‌పీ ఫైల్‌కు పనేముంది? తర్వాత ఎంయూ-ప్లగిన్స్ (తప్పనిసరిగా నడిచే ప్లగిన్లు) ఫోల్డర్, ఎందుకంటే అందులో పెట్టినది యాక్టివేట్ చేయకుండానే నడుస్తుంది. క్రాన్ జాబ్‌లు (సమయానికి వాటంతటవే నడిచే పనులు), మీరు చేర్చని అడ్మిన్ ఖాతాలు, అదే హోస్టింగ్‌లో ఎప్పుడో టెస్టింగ్‌కు పెట్టి మర్చిపోయిన పాత సైట్, ఇవన్నీ వెతకాలి. ఆ పాత సైట్‌ను ఎవరూ పట్టించుకోరు, అక్కడి నుంచి పక్క సైట్లన్నిటికీ పాకుతుంది.

డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇంక్లూడ్స్ ఫోల్డర్లను పూర్తిగా తీసేసి వర్డ్‌ప్రెస్ అధికారిక సైట్ నుంచి కొత్తవి ఎక్కించండి, ఒక్కో ఫైల్ ఏరుతూ కూర్చోవద్దు. ప్లగిన్లూ, థీమూ అంతే. హోస్టింగ్, ఎఫ్‌టీపీ, డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, కాన్ఫిగ్ ఫైల్‌లోని సాల్ట్ కీలు (లాగిన్‌లను కాపాడే రహస్య అక్షరాల వరసలు) కూడా మార్చండి, అప్పుడే లోపల కూర్చున్నవాడు లాగౌట్ అవుతాడు. మీ ల్యాప్‌టాప్ కూడా స్కాన్ చేయండి, పాస్‌వర్డ్ అక్కడి నుంచే పోయి ఉండొచ్చు.

ఇక వచ్చిన దారి. టెలిగ్రామ్‌లో ఫ్రీగా దొరికిన క్రాక్ థీమ్ వాడుతుంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు, ముందు దాన్ని పీకేయండి. లేకపోతే అప్‌డేట్ చేయని ప్లగిన్ చూడాలి. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ ప్లగిన్ లోపంతో జరిగింది అదే: 7 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది, లాగిన్ లేకుండానే ఫైళ్లు ఎక్కించగలిగారు, 6.9 వెర్షన్‌లో సరిచేశారు. వాడని ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేస్తే దాని ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, కాబట్టి డిలీట్ చేయండి. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపండి, అడ్మిన్‌కు టూ-ఫ్యాక్టర్ పెట్టండి, బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంచకండి.

సమస్య: సైట్ తెరిస్తే క్రోమ్‌లో ప్రమాదమని హెచ్చరించే ఎర్ర పేజీ వస్తోంది

పైవన్నీ అయ్యాకే సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ ఇష్యూస్‌కు వెళ్లి రివ్యూ అడగండి. ఏం దొరికింది, ఏం తీసేశారు, ఏ దారి మూశారు, ఈ మూడూ స్పష్టంగా రాయండి. తొందరపడి సగంలో అడిగితే తిరస్కరిస్తారు, ఎర్ర పేజీ ఇంకొన్నాళ్లు అలాగే ఉంటుంది.