మేరీవిల్‌లో మొదటి నెల: బియ్యం, పప్పు, ఫుడ్ ప్యాంట్రీ

మిస్సోరీ వాయవ్య మూలన ఉన్న నాడవే కౌంటీలోని మేరీవిల్‌కు చదువు కోసం ఏటా తెలుగు విద్యార్థులు వస్తున్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య ఫోన్లో చెప్పే సలహాలు ఇక్కడ సగం పనిచెయ్యవు. అక్కడ ఇండియన్ స్టోర్ పది నిమిషాల దూరం. ఇక్కడి నుంచి కన్సాస్ సిటీ దాటి ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు వెళ్తేగాని కందిపప్పు సులువుగా దొరకదు, అంటే ఒకవైపే దాదాపు 110 మైళ్లు. మేరీవిల్‌లో సౌత్ మెయిన్ స్ట్రీట్ మీద వాల్‌మార్ట్, హైవీ ఉన్నాయి. చుట్టుపక్కల చిన్న ఊళ్లలో చాలాచోట్ల డాలర్ జనరల్ లాంటి కొట్టే దిక్కు. కాబట్టి చేతిలో డబ్బున్నా కూడా తేదీలు చూసుకోవాలి: రైడ్ ఏ రోజు దొరుకుతుంది, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఏ పూట తెరుస్తారు, మంచు ఎప్పుడు పడుతుంది. ఇంట్లో ఎప్పుడూ రెండు వారాలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె ఉంచుకోవడం ఇక్కడ జాగ్రత్తపరుల అలవాటు కాదు, అందరి అవసరం.

బియ్యం, పప్పులు సూట్‌కేసులో తెచ్చుకుందామనుకోవద్దు. ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు భయంతో ఇండియా నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం రానివ్వరు, శనగల్లాంటి గింజలదీ అదే గతి. పచ్చి కరివేపాకు కూడా నిషేధమే, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. మాంసం పచ్చళ్లు అసలే వద్దు. ఏ తిండి వస్తువు తెచ్చినా కస్టమ్స్ దగ్గర చెప్పండి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు, చెప్పకుండా దొరికితే జరిమానా 300 డాలర్ల నుంచి మొదలవుతుంది.

ఊళ్లో దొరికేవాటితో

వాల్‌మార్ట్‌లో కందిపప్పు కోసం వెతికి విసుగెత్తకండి. ఎండు బీన్స్ అరల్లో పసుపు రంగు బఠానీ పప్పు ఉంటుంది, ఒక పౌండు సంచి, అంటే 454 గ్రాములు. గంట నానబెట్టి, కందిపప్పు కన్నా రెండు కూతలు ఎక్కువ రానిస్తే మెత్తగా ఉడుకుతుంది. కాస్త తీపిగా ఉంటుంది కనక చింతపండు ఒక పిసరు ఎక్కువ వెయ్యాలి. పప్పుచారుకు ఫరవాలేదు, ముద్దపప్పు చేసి నెయ్యి వేసుకుంటే మాత్రం నాలుక ఒప్పుకోదు. మెక్సికన్ సరుకుల వైపు వెళ్తే శనగలు, బొబ్బర్లు, కొత్తిమీర, నిమ్మకాయలు దొరుకుతాయి. పచ్చిమిర్చికి హలపీన్యో కాకుండా సెరానో తీసుకోండి, కారం దానికే ఎక్కువ. ఎండుమిర్చికి బదులు అర్బోల్ మిరపకాయలు పోపులో బాగానే నిలబడతాయి. ఫ్రీజర్ అరలోని బెండకాయ ముక్కల్ని కరగనిచ్చారంటే జిగురే, గడ్డగా ఉన్నప్పుడే వేడి మూకుట్లో మూత లేకుండా వేయించాలి.

గోంగూర మీద బెంగ పెట్టుకున్నవారికి రెండు దారులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పచ్చి క్రాన్‌బెర్రీలు 12 ఔన్సుల సంచుల్లో వస్తాయి. పప్పులోకి, పచ్చడిలోకి ఆ పులుపు సరిగ్గా సరిపోతుంది, నాలుగు సంచులు ఫ్రీజర్‌లో పడేస్తే వేసవి దాకా గడుస్తుంది. వసంతంలో రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క వస్తుంది. ఇక్కడి పల్లెల్లో పెరట్లో అది మొండిగా పెరుగుతుంది, పక్కింటివాళ్లు ఉత్తినే ఇస్తారు కూడా. కాడలే వండాలి, ఆకు విషం.

శాకాహారులు లేబుల్ మీద మూడు మాటలు పట్టుకోవాలి: లార్డ్ అంటే పంది కొవ్వు, జెలటిన్ అంటే ఎముకలూ చర్మం నుంచి తీసిన జిగురు, చికెన్ బ్రాత్. డబ్బాలోని రిఫ్రైడ్ బీన్స్‌లో మొదటిది, కొన్ని పెరుగు కప్పుల్లో రెండోది, రుచులద్దిన అన్నం ప్యాకెట్లలో మూడోది తరచూ ఉంటాయి. పెరుగుకు ‘ప్లెయిన్, హోల్ మిల్క్’ అని రాసిన పెద్ద డబ్బా కొని, మొదటిసారి అందులోంచే తోడు వేసుకోండి. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి వాల్‌మార్ట్ పికప్‌లో తీసుకునేవారు 35 డాలర్లు దాటేలా చూసుకుంటే అదనపు రుసుం పడదు. ‘లేకపోతే మరొకటి ఇవ్వండి’ అన్న గుర్తు తీసెయ్యడం మరవద్దు, లేదంటే శాకాహారి సంచిలో చికెన్ సూప్ వస్తుంది.

నెలకోసారి సిటీకి

రెండు పూటలా అన్నం తినే మనిషికి రోజుకు 200 గ్రాముల బియ్యం లెక్క వేసుకోండి. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు, అంటే 20 పౌండ్ల సోనా మసూరి సంచులు మూడు, కొంచెం మిగులుతుంది. పప్పు మనిషికి 50 గ్రాముల చొప్పున నెలకు 13 పౌండ్లు. రానూ పోనూ 220 మైళ్లకు మామూలు కారు ఎనిమిది గ్యాలన్ల దాకా తాగుతుంది. ఆ ఖర్చు నలుగురూ పంచుకునేలా బయల్దేరకముందే మాట్లాడుకోండి, తిరిగొచ్చాక అడిగితే మొహమాటాలొస్తాయి. కూలర్ డబ్బా, ఐస్ తీసుకెళ్లండి, ఫ్రీజర్ సరుకులు చివరగా కొనండి. ఇడ్లీ పిండి కొంటే కూలర్‌లోనే పెట్టాలి. ఎండాకాలం డిక్కీలో రెండు గంటలుంటే పొంగి, మూత తన్నుకుని, బియ్యం సంచుల మీదంతా కారుతుంది. కరివేపాకు కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, జిప్ సంచిలో గాలి తీసి ఫ్రీజర్‌లో పెడితే నెలంతా వస్తుంది.

కారు లేనివారికి, రైడ్ ఇచ్చే సీనియర్ ఊళ్లో లేనప్పుడు ఓట్స్ ట్రాన్సిట్ బస్సు ఉంది (పొద్దున్నే పాలల్లో తినే ఓట్స్ కాదు). 1971లో వృద్ధుల కోసం మొదలైంది, ఇప్పుడు మిస్సోరీలో 87 కౌంటీల్లో ఎవరైనా ఎక్కవచ్చు. బస్టాపు దగ్గర నిలబడితే రాదు. ఏ రోజు ఎటు వెళ్తుందో కౌంటీని బట్టి మారుతుంది కనక ముందుగా ఫోన్ చేసి సీటు చెప్పుకోవాలి.

ప్యాంట్రీకి వెళ్లడం

నెలాఖరులో ఫీజు కట్టేశాక చేతిలో ఏమీ మిగలకపోతే ఫుడ్ ప్యాంట్రీకి వెళ్లడం తప్పు కాదు, వీసాకు ముప్పూ కాదు. దగ్గర్లో ఏవి ఉన్నాయో 211కి ఫోన్ చేస్తే చెబుతారు. వాయవ్య మిస్సోరీ ప్యాంట్రీలకు సరుకు ఎక్కువగా సెయింట్ జోసెఫ్‌లోని సెకండ్ హార్వెస్ట్ ఫుడ్ బ్యాంక్ నుంచి వస్తుంది. యూనివర్సిటీ ప్యాంట్రీ ఉంటే ముందు అక్కడికే వెళ్లండి, విద్యార్థి కార్డు చాలు.

ఊరి ప్యాంట్రీలు వారంలో ఒకటి రెండు పూటలే తెరుస్తారు, చాలావరకు వాలంటీర్లే నడుపుతారు. కరెంటు బిల్లో లీజు కాగితమో పట్టుకెళ్లండి, ఆ కౌంటీలో ఉంటున్నట్టు చూపమంటారు. కేంద్రం నుంచి వచ్చే ఉచిత సరుకు ఇచ్చేచోట ఆదాయం ఎంతో మీరే రాసి సంతకం పెట్టే కాగితం ఉంటుంది. అందులో నిజమే రాయండి. ఆ సరుకుకు పౌరసత్వం షరతు లేదు. చర్చిలో నడిచే ప్యాంట్రీ అయితే ప్రార్థనకు పిలవవచ్చు. రానంటే కేంద్రం సరుకు ఆపడానికి మాత్రం వీల్లేదు. బండి మీద సరుకు తెచ్చి పంచే మొబైల్ ప్యాంట్రీలో కార్లు వరుసగా నిలుస్తాయి, దిగకుండా డిక్కీ తెరిస్తే వాళ్లే పెట్టేస్తారు. నడిచి వచ్చినవాళ్లకు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి. సర్దిపెట్టిన పెట్టె ఇచ్చేచోట ‘నో మీట్’ అని మొదటే చెబితే ఎండు బీన్స్, వేరుశనగ వెన్న, గుడ్లు పెట్టే వీలుంటుంది. చెప్పకుండా తీసుకుని బయట చెత్తబుట్టలో పడేస్తే మన తర్వాత వెళ్లేవాళ్లందరికీ ఆ మాట చుట్టుకుంటుంది.

డబ్బా మీద ‘బెస్ట్ బై’ తేదీ దాటితే పాడైపోయినట్టు కాదు, అది రుచికి పెట్టిన గడువు. పసిపిల్లల పాలపొడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఉబ్బిన డబ్బా, అంచు దగ్గర లోతుగా సొట్టపడ్డ డబ్బా తేదీ ఎంతున్నా పారేయాల్సిందే.

ప్రభుత్వ పథకాలు

ఎఫ్-1, ఎఫ్-2, హెచ్-1బి, విజిటర్ వీసా మీద ఉన్నవారికి స్నాప్ (తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) రాదు. ఎవరో వచ్చిందన్నారని దరఖాస్తు పెట్టకండి. గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు సాధారణంగా 5 ఏళ్లు ఆగాలి, 18 నిండని పిల్లలకు ఆ ఆగడం లేదు. ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు కనక, అమ్మానాన్నలది ఏ వీసా అయినా, కుటుంబ ఆదాయం పరిమితిలో ఉంటే బిడ్డ పేరు మీద స్నాప్ అడగవచ్చు. ఆ ఫారంలో తల్లిదండ్రులు తమ కోసం అడగడం లేదని స్పష్టంగా గుర్తు పెట్టాలి. తొందరలో తమ పేర్లు కూడా అర్జీదారులుగా రాసెయ్యడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

చదువుకునే జంటలకు నిజంగా పనికొచ్చేది విక్ అనే పోషకాహార పథకం. గర్భిణులకు, బాలింతలకు, 5 ఏళ్లలోపు పిల్లలకు ఇది మిస్సోరీలో వీసా అడగకుండా ఇస్తారు, ఆదాయం పేదరిక రేఖకు 185 శాతం లోపుండాలి. కుటుంబ సభ్యుల లెక్కలో కడుపులో ఉన్న బిడ్డనూ కలుపుతారు. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. గుర్తింపు కార్డు, చిరునామా, అసిస్టెంట్‌షిప్ ఉత్తరం, పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లాలి, ఎత్తు, బరువు చూసి వేలిమీద సూదితో రక్తం చూస్తారు. మాంసం ముట్టనివారికి బీన్స్, వేరుశనగ వెన్న ఉన్నాయి. కొట్లో కార్డు గీసినప్పుడు జాబితాలో ఉన్న రకం, ఉన్న సైజే పాసవుతుంది. పక్కనే ఉన్న పెద్ద బ్రెడ్డు తీస్తే కౌంటర్ దగ్గర ఆగిపోతుంది. నెలలో వాడనిది పై నెలకు రాదు. బడికెళ్లే పిల్లలున్నవారు ఉచిత భోజనం ఫారం ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, వీసా సంగతి అందులో అడగరు.

ఇక ‘పబ్లిక్ చార్జ్’, అంటే ప్రభుత్వ సాయం మీదే బతికే మనిషి అన్న ముద్ర పడుతుందన్న భయం సంగతి. 2022 నియమం ప్రకారం స్నాప్, విక్, బడి భోజనాలు, ప్యాంట్రీ సరుకు గ్రీన్‌కార్డుకు అడ్డుగా లెక్కలోకి రావు. ఆ నియమాన్ని తీసేస్తామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. గ్రీన్‌కార్డు దరఖాస్తు దగ్గరపడ్డవారు ఫారం మీద సంతకానికి ముందు, ఆ రోజు అమల్లో ఉన్న నియమం ఏదో ఇమ్మిగ్రేషన్ లాయరును అడగాలి. వాట్సాప్ గ్రూపును కాదు.

స్నాప్ అర్జీ మీద 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఈలోగా ఇంటర్వ్యూకు తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది, స్పామ్ అని ఎత్తకపోతే అర్జీ అక్కడే ఆగుతుంది. కాదన్న ఉత్తరం వస్తే దాని కవరు కూడా దాచండి. విచారణ కోరడానికి ఉన్న గడువు 90 రోజులు.