వీడియో యాప్‌ని పరీక్షించాలంటే ఫోన్ పట్టుకుని నడవండి

వీడియో యాప్‌లను టెస్ట్ చేయడం నా పని. మొదట్లో ఫోన్‌ని బల్ల మీద పెట్టి, వైఫైలో వీడియో ఆడించి, బాగుందని రిపోర్టు రాసేసేదాన్ని. యాప్ జనం చేతికి వెళ్లాక ఒకటే ఫిర్యాదు: ఇంట్లోంచి బయటికి వస్తే ఆగిపోతోందని. అప్పటినుంచి నా పరీక్ష గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

పది నిమిషాల వీడియో ఒకటి ఎంచుకోండి. వైఫైలో మొదలుపెట్టి, సిగ్నల్ పోయి మొబైల్ డేటాకి మారేదాకా నడవండి. ఆ క్షణంలో ఫోన్ ఐపీ అడ్రస్ (నెట్‌లో ఫోన్ చిరునామా) మారుతుంది, ఆ చిరునామా మీదే ఆధారపడే పాత టీసీపీ పద్ధతి కనెక్షన్ తెగిపోతుంది. క్విక్ (QUIC) అనే కొత్త ప్రోటోకాల్‌లో కనెక్షన్‌కి సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి, యాప్, సర్వర్ రెండూ సహకరిస్తే అది తెగకుండా కొనసాగగలదు. తెగినా, బఫర్‌లో, అంటే ముందే దించుకుని ఉంచిన నిల్వలో, 20 సెకన్ల వీడియో ఉంటే చూసేవాళ్లకి తెలియదు. రెండే సెకన్లుంటే బొమ్మ ఆగి చక్రం తిరుగుతుంది. అందుకే గుమ్మం దాటేటప్పుడు బఫర్‌లో ఎంత మిగిలిందో లాగ్‌లో (ప్లేయర్ తన పనిని రాసుకునే చిట్టాలో) తప్పకుండా చూడండి.

ఆగిన సమయం కూడండి. పది నిమిషాల్లో 12 సెకన్లంటే 2 శాతం. కానీ శాతం ఒక్కటే రాస్తే చాలదు. ఒకేసారి 12 సెకన్లు ఆగడం వేరు, రెండేసి సెకన్ల చొప్పున ఆరుసార్లు ఆగడం వేరు. ఎన్నిసార్లో కూడా రాయండి.

వీడియో మొదలవడానికి పట్టే సమయం విషయంలో లాగ్‌ని నేను నమ్మను. తెర మీద బొమ్మ రాకముందే "మొదలైంది" అని రాసే ప్లేయర్లు చూశాను. ఇంకో ఫోన్‌తో తెరని సెకనుకి 60 ఫ్రేముల వేగంతో షూట్ చేసి, వేలు తగిలిన ఫ్రేము నుంచి మొదటి బొమ్మ దాకా లెక్కపెడతాను. 90 ఫ్రేములొస్తే ఒకటిన్నర సెకను.

నాణ్యతకి వీమాఫ్ (VMAF) స్కోరు తీయొచ్చు, చూసేవాళ్ల కంటికి బొమ్మ ఎంత బాగుంటుందో అది అంచనా వేస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ ఇచ్చిన కొలమానం అది. చిన్న తెరకి అందులోనే 'ఫోన్ మోడల్' అనే లెక్క విడిగా ఉంది, దాన్నే వాడండి.

బ్యాటరీ కొలిచేటప్పుడు చార్జర్ తీసేయండి, తెర వెలుతురు ఒకే స్థాయిలో ఉంచండి. ఏవీ1 (వీడియోని కుదించే ఒక పద్ధతి) వీడియోకి హార్డ్‌వేర్ డీకోడర్, అంటే దాన్ని విప్పే ప్రత్యేక చిప్ భాగం, లేని ఫోన్ ఒకటి తప్పక చేర్చండి. అది ఎంత వేడెక్కుతుందో చేతికే తెలుస్తుంది.

ఏదైనా మార్పు చేశాక అదే దారిలో, అదే వీడియోతో ఐదుసార్లు నడిచి, వచ్చిన అంకెల్ని వరుసలో పెట్టి నడిమిది తీసుకోండి.