నాలుగు తీస్తే నాలుగూ కొత్తవే వేయండి: తుఫాన్ల ముందు బ్యాటరీ సెల్లతో జాగ్రత్తలు

పోయిన ఆదివారం మా పక్కవీధిలో ఏడేళ్ళ పిల్లాడు రిమోట్ కారు ఆడుకుంటుంటే టప్పుమని చప్పుడైంది. కారులోని పెన్సిల్ సెల్ పగిలి లోపలి రసం బుగ్గ మీద చిమ్మింది. వాళ్ళమ్మ గాభరాపడకుండా వెంటనే కుళాయి కింద పెట్టి పావుగంట కడిగింది కాబట్టి కన్ను దక్కింది. బుగ్గ మీద పుండు ఇంకా మానలేదు. ఆ కారు నా దగ్గరికే తెచ్చారు. మూత తీసి చూస్తే రెండు కొత్త సెల్లు, రెండు పాతవి. కొత్తవి ఆల్కలైన్ (ధర ఎక్కువైనా ఎక్కువ కాలం నిలిచే రకం), పాతవి మామూలు జింక్ సెల్లు.

ఇరవై రెండేళ్ళుగా రిపేరు షాపు నడుపుతున్నాను. టార్చి లైట్లు, బీపీ మిషన్లు, గ్యాస్ గీజర్లు, పిల్లల బొమ్మలు, భజన మందిరాల్లో వాడే కార్డ్‌లెస్ మైకులు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. లోపల స్ప్రింగులు తుప్పు పట్టి, తెల్లటి పొడి సున్నంలా పేరుకుని వచ్చినవాటిలో ఎక్కువసార్లు చూసింది ఒకటే తప్పు. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయడం.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక ఎన్నో వీధులకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటి రాత్రి టార్చి వెలగదు, నాన్నగారికి తల తిరుగుతోందంటే బీపీ మిషను ఆన్ కాదు. ఆ టెన్షన్‌లో సొరుగంతా వెతికి, దొరికిన రెండు సెల్లు ఏవో వేసేస్తాం. తప్పు జరిగేది అక్కడే.

కలిపితే లోపల జరిగేది

చాలా వస్తువుల్లో సెల్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకే కరెంటు అన్నిటిలోంచీ పారాలి. అందులో బలహీనంగా ఉన్నది ముందు ఖాళీ అవుతుంది. మిగతావి ఇంకా బలంగానే ఉన్నాయి కాబట్టి ఆ ఖాళీ సెల్‌లోంచి కూడా కరెంటును బలవంతంగా తోస్తాయి. అప్పుడు దాని ప్లస్, మైనస్ తారుమారై లోపల గ్యాస్ పుడుతుంది. ఒత్తిడి పెరిగి సీలు ఊడి రసం బయటికొస్తుంది. ఆల్కలైన్ సెల్‌లో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, ఘాటైన క్షారం. చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. మామూలు సెల్‌కి జింక్ డబ్బాయే గోడ, ఖర్చయ్యేదీ ఆ జింకే. వాడేకొద్దీ గోడ పలచబడి చిల్లు పడుతుంది. ఒక సెల్‌ను తిరగేసి పెట్టినా ఇంతే ప్రమాదం, ఇంకా త్వరగా.

పోనీ డబ్బులైనా మిగులుతాయా? మిగలవు. పాతది అయిపోగానే వస్తువు ఆగిపోతుంది, పక్కనున్న కొత్తవాటిలో ఇంకా సగం ఉండగానే. రెండు సెల్ల ఖరీదు ఆదా చేద్దామని వేలు పెట్టి కొన్న బీపీ మిషను పాడుచేసుకున్నవాళ్ళని ఎంతమందిని చూశానో. నాలుగు తీస్తే నాలుగూ కొత్తవే వేయండి. ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకే ప్యాకెట్‌లోవి.

దేనికి ఏ సెల్

సెల్ ఒంటి మీద చిన్న అక్షరాలు ఉంటాయి. ఆర్6 అంటే మామూలు జింక్ సెల్, ఎల్ఆర్6 అంటే ఆల్కలైన్, హెచ్ఆర్6 అంటే చార్జింగ్ చేసుకునేది. సన్న పెన్సిల్ సెల్‌కి 6 బదులు 03, లావు టార్చి సెల్‌కి 20 ఉంటుంది.

టీవీ రిమోట్, గోడ గడియారం లాంటివి కొద్దికొద్దిగా లాగుతాయి, వాటికి మామూలువి చాలు. మోటారు ఉన్నవి, గట్టి వెలుగు ఇచ్చేవి వేరు. అవి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, జింక్ సెల్ ఆ లాగుడుకి తట్టుకోలేదు. ఆల్కలైన్ ధర రెండు మూడు రెట్లు ఉన్నా ఇలాంటి పనిలో నాలుగైదు రెట్లు నిలుస్తుంది. చవక ఏదో మీరే లెక్క వేసుకోండి.

రోజూ ఆడే బొమ్మలకి, వారం వారం వాడే మైకుకి చార్జింగ్ సెల్లు కొనండి. ఇవి వందల సార్లు చార్జ్ అవుతాయి, పెట్టిన డబ్బు కొన్ని నెలల్లోనే తిరిగొస్తుంది. మామూలువాటికంటే తక్కువ, 1.2 వోల్టులే అని భయపడక్కర్లేదు, ఎక్కువ కరెంటు లాగినా చివరిదాకా దాదాపు అంతే నిలబెట్టి ఇస్తాయి. బీపీ మిషనుకి మాత్రం దాంతో ఇచ్చిన పుస్తకంలో ఏ సెల్ రాస్తే అదే. పెన్సిల్ సైజు చార్జింగ్ సెల్ మీద 2,800 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) దాటి అంకె కనిపిస్తే నమ్మకండి. 4,000 అని రాసినవి పరీక్షిస్తే వెయ్యి కూడా రానివి చూశాను.

తుఫాను టార్చికి ఆల్కలైన్. టార్చిలో వేసి ఉంచొద్దు, పక్కనే కవర్లో పెట్టండి. ఎందుకంటే వాడకుండా నెలలు ఉన్న టార్చిలోనే సెల్లు కారతాయి, మూత తుప్పు పట్టి కావలసిన రాత్రి తిరగనే తిరగదు.

తుఫాను కబురు వచ్చాక కొట్టుకి పరిగెత్తొద్దు, మిగిలింది పాత సరుకే. ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి. వేసిన రోజు సెల్ మీద పెన్నుతో రాయండి.

ఎండలో పెట్టొద్దు. పళ్ళతో కొరకొద్దు. రాయితో కొట్టొద్దు. చిన్నప్పుడు మనందరం చేశాం, చేసినవాళ్ళ పెదాలు కాలడమూ చూశాం.

మామూలు సెల్‌ని, ఆల్కలైన్‌ని చార్జర్‌లో పెట్టొద్దు.

పెన్సిల్ సెల్ సైజులోనే 14500 అని లిథియం సెల్ వస్తోంది. అది 3.7 వోల్టులు, మామూలు సెల్‌కి రెట్టింపు పైనే. సైజు సరిపోయింది కదా అని బొమ్మలో వేశారో, బొమ్మ పోతుంది.

9 వోల్టుల చదరపు సెల్‌ని తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేయొద్దు. రెండు కొనలూ ఒకేవైపు ఉంటాయి, రెండిటికీ ఒకేసారి ఇనుము తగిలితే నిప్పు అంటుకోవచ్చు.

కారిన సెల్‌ని ఉత్త చేత్తో తీయొద్దు. ఆల్కలైన్ అయితే కాస్త నిమ్మరసం దూదికి అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక కొత్తవి వేయండి. అన్నీ కొత్తవే. కంట్లో పడితే నలపొద్దు, పావుగంట నీళ్ళతో కడుగుతూనే ఉండి ఆసుపత్రికి వెళ్ళండి.

పొయ్యిలో, చెత్తమంటలో వేయొద్దు.

పాతవి పారేయడానికి మనసొప్పదా? గోడ గడియారం ఒక్క సెల్‌తో నడుస్తుంది, కలపడమనే మాటే లేదు. బొమ్మని నడపలేని సెల్ అందులో ఇంకొన్ని నెలలు ఆడుతుంది. అక్కడ వాడండి.

బటన్ సెల్ మూతకి స్క్రూ లేని బొమ్మ ఇంట్లో ఉంచొద్దు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు కాలిపోతుంది. వాంతి చేయించొద్దు, ఎదురుచూడొద్దు, పరుగున ఆసుపత్రికి. ఏడాది దాటిన పిల్లలైతే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్లు మించకుండా. తేనె కోసం ప్రయాణం ఆపొద్దు.

అమ్మానాన్నలు ఊళ్ళో ఒంటరిగా ఉంటే ఫోన్లో చెప్పి ఊరుకోకండి. దసరాకి వెళ్ళినప్పుడు బీపీ మిషను, టార్చి మీ చేత్తో విప్పి చూడండి. రెండు పాతవి, రెండు కొత్తవి కనిపిస్తే నాలుగూ తీసేయండి.